మస్సెల్‌కు ఎండ ఏ గంటకు తగులుతుంది?

2021 జూన్ ఆఖరి వారంలో కెనడా పశ్చిమ తీరం మీద వేడి గాలి కదలకుండా తిష్ఠ వేసింది. బ్రిటిష్ కొలంబియాలో లిటన్ అనే చిన్న ఊళ్ళో 29వ తేదీన 49.6 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆ దేశం అంత వేడిని అంతకు ముందెన్నడూ చూడలేదు. మర్నాడే ఆ ఊరు కార్చిచ్చుకు ఆహుతైపోయింది. మనుషులు వందల్లో చనిపోయారు కాబట్టి వార్తలన్నీ వాళ్ళ చుట్టూ తిరిగాయి, అది న్యాయమే. అవే రోజుల్లో వాంకూవర్‌లోని కిట్సిలానో బీచికి వెళ్ళిన క్రిస్టఫర్ హార్లీ అనే సముద్ర జీవశాస్త్రవేత్తకు నీళ్ళ అంచు చేరకముందే కుళ్ళు వాసన కొట్టింది. రాళ్ళ నిండా మస్సెల్స్ గుల్లలు తెరుచుకుని చచ్చి పడి ఉన్నాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో కొలిస్తే ఆ రాళ్ళ పైభాగం 50 డిగ్రీలు దాటింది. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది డిగ్రీల వేడినైతే అక్కడి మస్సెల్స్ కాసేపు ఓర్చుకోగలవు. అంతకు మించితే వాటి వల్ల కాదు.

చచ్చిన వాటిని కొన్నిచోట్ల లెక్కపెట్టి, తీరం పొడవుకు హెచ్చవేసి చూసిన హార్లీ, వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న సేలిష్ సముద్రం ఒడ్డున వంద కోట్లకు పైగా జీవులు పోయి ఉంటాయని అంచనా కట్టారు. ఆ అంకెను ప్రపంచమంతా అచ్చువేసింది. నాకు మాత్రం ఆ అంకె కన్నా, ఆ తర్వాతి ఏడాది వెలువడిన ఒక సర్వే ముఖ్యంగా కనిపిస్తుంది. అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు కలిసి ఆ ప్రాంతపు తీరాలన్నీ పరిశీలిస్తే నష్టం అన్నిచోట్లా ఒకేలా లేదు. లోపలి జలసంధుల ఒడ్డున ఊచకోత జరిగింది. పసిఫిక్ మహాసముద్రానికి నేరుగా ఎదురుగా ఉన్న బయటి తీరంలో నష్టం చాలా తక్కువ. గాలిలో వేడి రెండుచోట్లా మండిపోయే స్థాయిలోనే ఉంది. తేడా ఆటుపోట్లలో ఉంది. బయటి తీరంలో ఆ రోజుల్లో ఆటు పొద్దున్నే వచ్చి, ఎండ ముదిరే వేళకు నీళ్ళు మళ్ళీ రాళ్ళను కప్పేశాయి. లోపలి ఒడ్డుల్లో ఆటు సరిగ్గా నడిమధ్యాహ్నం వచ్చింది. పైగా 24న పౌర్ణమి. ఏడాదిలోకెల్లా నీళ్ళు బాగా వెనక్కి పోయే రోజులవి.

వేడెక్కుతున్న సముద్రాల్లో మస్సెల్స్ ఏమవుతాయి అనే ప్రశ్నకు ముప్ఫై ఏళ్ళుగా జరిగిన పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. మస్సెల్‌కు తగిలే వేడి రెండు రకాలు. నీళ్ళు తీసినప్పుడు గాలిలో, ఎండలో, రాతి మీద గంటల్లో తగిలేది ఒకటి. నీళ్ళ అడుగున ఉండగానే వారాల తరబడి ఒంటిని అరగదీసేది రెండోది. రెండూ చంపుతాయి. కానీ చంపే తీరు వేరు, చోటు వేరు, తప్పించుకునే దారి వేరు. ఈ రెంటినీ కలిపి సముద్రపు సగటు ఉష్ణోగ్రత అనే ఒక్క అంకెతో అంచనా వేసిన ప్రతిసారీ మన లెక్క తప్పింది.

మస్సెల్ అంటే ఆల్చిప్ప లాంటి రెండు గుల్లల జీవి. నల్లగానో, ముదురు నీలంగానో, మన వైపైతే పచ్చ అంచుతోనో ఉంటుంది. పట్టులాంటి పీచుదారాలు ఊరించి వాటితో రాతికి కట్టుకుంటుంది. పీత పరుగెత్తి నీడకు పోగలదు, నత్త పగుల్లోకి జరుగుతుంది. ఎదిగిన మస్సెల్ దాదాపుగా కట్టుకున్న చోటనే ఉండిపోతుంది. అందుకే వేడి మీద పరిశోధన చేసేవాళ్ళకు దీని మీద ఇంత ఆసక్తి. తన ఒంట్లో చేసుకోగలిగిన మార్పులు తప్ప దానికి వేరే గతి లేదు.

ముందు గాలిలో తగిలే వేడి గురించి. ఆటు సమయంలో మస్సెల్ ఒంటి వేడి ఎంత ఉంటుందో వాతావరణ కేంద్రం చెప్పే గాలి ఉష్ణోగ్రతను బట్టి తెలియదు. నల్లటి గుల్ల ఎండను పీల్చుకుంటుంది, కింద కాలిన రాయి అడుగు నుంచి వేడి పంపుతుంది. గాలి స్తంభించిన రోజున దాని ఒళ్ళు గాలి కన్నా పది డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. దీన్ని కొలవాలంటే మస్సెల్ లాగే వేడెక్కే పరికరం కావాలి. బ్రయన్ హెల్ముత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అలాంటిది తయారు చేశారు. ఖాళీ గుల్ల ఆకారంలో ఎపాక్సీ పోసి, మధ్యలో చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, నిజమైన మస్సెల్స్ గుంపులో వాటి వరసలోనే రాతికి అంటించడం. మాంసం ఎంత నెమ్మదిగా వేడెక్కుతుందో ఎపాక్సీ కూడా దాదాపు అంతే నెమ్మదిగా వేడెక్కుతుంది, కిటుకంతా అక్కడే ఉంది. రోబో మస్సెల్ అని దానికి పేరు పడింది. 1998లో మొదలుపెట్టి 18 ఏళ్ళలో ప్రపంచవ్యాప్తంగా 71 చోట్ల వీటితో తీసిన కొలతలను 2016లో అందరికీ అందుబాటులో పెట్టారు.

ఆ పరికరాలు మొదట్లోనే ఒక గట్టి నమ్మకాన్ని కూల్చాయి. దక్షిణాన వేడి ఎక్కువ, ఉత్తరాన తక్కువ, కాబట్టి వాతావరణం వేడెక్కే కొద్దీ దక్షిణపు మస్సెల్స్ ముందు చస్తాయి, మిగిలినవి ఉత్తరానికి జరుగుతాయి అని అందరూ అనుకునేవారు. 2002లో సైన్స్ పత్రికలో హెల్ముత్ బృందం వాషింగ్టన్ రాష్ట్రం నుంచి దక్షిణ కాలిఫోర్నియా దాకా తీసిన కొలతలు ప్రచురించింది. ఉత్తరాన వాషింగ్టన్‌లో కొన్నిచోట్ల మస్సెల్స్ ఒళ్ళు, వందల మైళ్ళు దక్షిణాన ఉన్న కాలిఫోర్నియా మస్సెల్స్ కన్నా ఎక్కువ వేడెక్కుతోంది. కారణం మళ్ళీ ఆటు గంటే. దక్షిణాన వేసవిలో బాగా లోతైన ఆటు రాత్రి పూటో తెల్లవారుజామునో వస్తుంది. ఉత్తరాన కొన్నిచోట్ల అదే ఆటు పట్టపగలు వస్తుంది. కాబట్టి తీరం పొడవునా వేడి దక్షిణం నుంచి ఉత్తరానికి క్రమంగా తగ్గుతూ పోదు, అక్కడొక మంట, ఇక్కడొక చలువ అన్నట్టు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ వ్యాసం రాసినవారిలో హార్లీ కూడా ఒకరు. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ వ్యాసం చూపిన ప్రమాదమే ఆయన ఊరి బీచిలో ఆయన ముక్కుకు తగిలింది.

ఇదే మాట ఇంకా చిన్న కొలతలోనూ నిజం. 2004లో కాలిఫోర్నియాలోని బొడేగా దగ్గర మస్సెల్స్ గుంపుగా చచ్చినప్పుడు హార్లీ రాళ్ళ వాలు కొలిచి చూశారు. ఎండకు ఎదురుగా వాలిన ముఖం మీదివి పోయాయి, అదే రాతికి అవతలి ముఖం మీదివి బతికాయి. 2019 జూన్‌లో అదే తీరంలో అలాంటి చావులే మళ్ళీ కనిపించాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు హాప్కిన్స్ మెరైన్ స్టేషన్‌లో మార్క్ డెన్నీ బృందం 2011లో చూపించిందేమిటంటే, ఒకే రాతి మీద కొద్ది మీటర్ల దూరంలో ఉన్న జీవుల ఒంటి వేడిలో ఉండే తేడా, తీరం వెంబడి వందల కిలోమీటర్ల ప్రయాణంలో కనిపించే తేడాతో సరితూగుతుంది. ఒక జాతి బతికి బట్టకట్టడంలో ఈ చిన్న తేడాల పాత్ర ఎంతో పెద్దది. మహా వడగాడ్పు వచ్చినా ఏదో ఒక నీడ ముఖం మీద కొన్ని మిగులుతాయి, మళ్ళీ పిల్లలను వదులుతాయి.

గుంపుగా ఉండడం వల్ల కూడా లాభం ఉంది. ఒకదాని మీద ఒకటి పేరుకున్న మస్సెల్స్ మధ్య సందుల్లో తేమ నిలుస్తుంది. పై వరస కాలిపోతున్నా అడుగు వరస చల్లగా ఉంటుంది. ఆ సందుల్లో ఉండే చిన్న జీవుల దృష్టితో చూస్తే గుంపు పైభాగానికీ అడుగుకూ ఉన్న తేడా కాలిఫోర్నియా ఉత్తర దక్షిణాల మధ్య తేడాను మించిపోతుంది. కొన్ని జాతులు గుల్ల కొంచెం తెరిచి నీటిని ఆవిరి చేస్తూ చల్లబడే ప్రయత్నం కూడా చేస్తాయి. దక్షిణాఫ్రికా తీరంలో పెర్నా పెర్నా అనే గోధుమరంగు మస్సెల్ అలా తెరుస్తుంది, బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన మధ్యధరా మస్సెల్ గుల్ల బిగించి కూర్చుంటుంది. తెరిచినది తేమ పోగొట్టుకుని ఎండుతుంది, అందుకే రాతి మీద కింది వరసల్లోనే అది నిలదొక్కుకోగలదు. బిగించినది తేమ దాచుకుని ఎగువ వరసల్లోనూ బతుకుతుంది.

ఈ మొత్తం సాహిత్యంలో నన్ను బాగా ఆశ్చర్యపరిచినది పోర్చుగల్ తీరం నుంచి 2016లో వచ్చిన ఒక అధ్యయనం. మస్సెల్ గుల్లలో సూక్ష్మమైన సయానోబ్యాక్టీరియా తొలుచుకుంటూ బతుకుతాయి. అవి గుల్లను బలహీనపరుస్తాయి, దాన్ని బాగు చేసుకోవడానికి మస్సెల్ తన శక్తి ఖర్చు పెట్టుకోవాలి, ఏ రకంగా చూసినా అవి పరాన్నజీవులే. కానీ తొలిచిన గుల్ల పైపొర పోయి తెల్లబడుతుంది. తెల్లటి గుల్ల ఎండను తిప్పికొడుతుంది. వడగాడ్పు రోజున ఈ రోగిష్ఠి మస్సెల్స్ ఒళ్ళు ఆరోగ్యంగా నల్లగా నిగనిగలాడే వాటి కన్నా చల్లగా ఉంది, చావులూ వాటిలో తక్కువ. మామూలు రోజుల్లో కీడు చేసేది విపత్తు రోజున ప్రాణం నిలబెట్టింది. ఇలాంటివి ముందే ఊహించి ఏ కంప్యూటర్ నమూనాలోనూ ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు గుల్ల లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మస్సెల్ గుండె చాలా చిన్నది, పేగు చుట్టూ చుట్టుకుని ఉంటుంది. గుల్ల మీద సరిగ్గా ఆ చోట ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ అంటిస్తే, గుల్ల తెరవకుండానే గుండె కొట్టుకోవడం తెర మీద గీతలా కనిపిస్తుంది. నీటి వేడి మెల్లగా పెంచుతూ పోతే గుండె వేగం కూడా పెరుగుతుంది. ఇంకా పెంచితే ఇంకా పెరుగుతుంది. ఒక స్థాయి దగ్గర ఉన్నట్టుండి వేగం కుప్పకూలుతుంది. ఆ విరుపు ఎన్ని డిగ్రీల దగ్గర వస్తుందో అదే ఆ జీవి ఓర్పుకు హద్దుగా శాస్త్రవేత్తలు తీసుకుంటారు. ఒకే జాతిలో కూడా అది స్థిరమైన అంకె కాదు. ఆ మస్సెల్ గత కొద్ది వారాలు ఎలాంటి వేడిలో గడిపిందో దాన్ని బట్టి మారుతుంది.

ఆటు సమయంలో గుల్ల బిగించుకున్నాక లోపల ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు మస్సెల్ ఆక్సిజన్ అవసరం లేని దారిలో శక్తి తీసుకుంటుంది. ఆ దారిలో శక్తి తక్కువ, ఆమ్లపు పదార్థాలు పేరుకుంటాయి, వాటిని తటస్థం చేయడానికి సొంత గుల్లలోని సున్నాన్నే కొంత కరిగించుకుంటుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ ఖర్చంతా వేగం పుంజుకుంటుంది. ఇక అసలు దెబ్బ ప్రోటీన్లకు తగులుతుంది. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గడ్డకట్టినట్టే, వేడికి కణాల్లోని ప్రోటీన్లు మడత విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా జరగకుండా పట్టుకుని మళ్ళీ మడత పెట్టే రక్షక ప్రోటీన్లు కణంలో ఉంటాయి. ఫెరూచియో రిటోస్సా అనే ఇటలీ శాస్త్రవేత్త 1962లో వేడి తగిలిన పండు ఈగల మీద పనిచేస్తూ ఈ స్పందన జాడ పట్టారు కాబట్టి వాటికి హీట్ షాక్ ప్రోటీన్లు అనే పేరు స్థిరపడింది. మస్సెల్స్‌లో ఎక్కువగా పరిశీలించినది హెచ్‌ఎస్‌పీ 70.

గ్రెచెన్ హాఫ్‌మన్, జార్జి సొమెరో 1995లో ప్రచురించిన పని ఈ రంగంలో ఒక మలుపు. అప్పటిదాకా ఈ ప్రోటీన్ల గురించి తెలిసిందంతా ప్రయోగశాలలో అకస్మాత్తుగా వేడి పెట్టి చూసినదే. వీళ్ళు తీరం నుంచి నేరుగా మస్సెల్స్ తెచ్చి చలికాలంలో, వేసవిలో పోల్చారు. చెడిపోయిన ప్రోటీన్లకు కణం యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి పారేయడానికి పంపుతుంది. వేసవి మస్సెల్స్‌లో అలా గుర్తు తగిలిన ప్రోటీన్లు ఎక్కువగా ఉన్నాయి, హెచ్‌ఎస్‌పీ 70 కూడా ఎక్కువగా ఉంది. అంటే ఎవరూ చంపకుండా, ఏ విపత్తూ రాకుండా, మామూలు వేసవిలోనే మస్సెల్ ఒళ్ళు రోజూ దెబ్బతింటూ, రోజూ బాగు చేసుకుంటూ ఉంది. బతికి ఉన్న మస్సెల్‌ను చూసి బాగానే ఉందనుకోవడానికి వీల్లేదని ఆ పని తేల్చింది. ప్రోటీన్ కొత్తగా తయారు చేయాలన్నా, చెడినదాన్ని పారేయాలన్నా శక్తి కావాలి. అది ఎదుగుదల నుంచి, పిల్లలను వదలడం నుంచి తీసుకోవాల్సిందే. తిండి బాగా దొరికిన మస్సెల్స్ వేడిని మెరుగ్గా తట్టుకున్నాయని కాలిఫోర్నియా మస్సెల్ మీద తర్వాత జరిగిన ప్రయోగాలు కూడా చెప్పాయి. వేడి, ఆకలి కలిసి వచ్చిన ఏడాది అసలైన ప్రమాదం.

ఇంత కష్టంలోనూ మస్సెల్‌కు ఒక బలం ఉంది. నికోల్ మోయెన్, సొమెరో, డెన్నీ తదితరులు 2020లో ప్రచురించిన ప్రయోగంలో, చల్లటి నీళ్ళలో ఉంచిన కాలిఫోర్నియా మస్సెల్స్‌కు ఒక్కసారి, రెండు గంటల పాటు, చావనంత వేడి తగిలించారు. ఒకటి రెండు రోజుల్లోనే వాటి గుండె ఓర్పు పెరిగింది. ఆ ఓర్పు వారాల పాటు నిలిచింది. వేడి తగ్గగానే వెంటనే మాసిపోలేదు. దీనర్థం, వేసవి మొదట్లో వచ్చే ఓ మోస్తరు వేడి రోజు తర్వాత రాబోయే దారుణమైన రోజుకు మస్సెల్‌ను సిద్ధం చేస్తుంది. తలకిందులుగా చూస్తే భయం వేస్తుంది. చల్లటి వసంతం తర్వాత ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా వచ్చిపడే వడగాడ్పు, అదే వేడి మెల్లగా వచ్చినప్పటి కన్నా ఎక్కువ ప్రాణాలు తీస్తుంది. 2021లో జూన్ నెలలోనే అంత వేడి రావడం అందుకే అంత చెడ్డ సంగతి.

సర్దుకోలేని జాతి స్థానంలో సర్దుకోగల జాతి వచ్చి కూర్చోవడం కూడా జరిగింది. దక్షిణ కాలిఫోర్నియాలో ఒకప్పుడు స్థానిక మస్సెల్, మైటిలస్ ట్రోసులస్, ఉండేది. ఓడలతో పాటు మధ్యధరా సముద్రం నుంచి మైటిలస్ గాలోప్రొవిన్సియాలిస్ వచ్చింది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఎంతగా అంటే, ఒకదాని చోటును మరొకటి ఆక్రమించిందన్న సంగతి 1980ల్లో ప్రోటీన్ పరీక్షలు చేసేదాకా ఎవరికీ తెలియలేదు. కొత్తదాని గుండె ఎక్కువ వేడిలో నిలబడుతుంది. సొమెరో ప్రయోగశాలలో రెండు జాతుల్లోనూ ఉన్న మాలేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును పోల్చి చూసినప్పుడు, వేడిలో పనిచేసే తీరులో తేడాకు ఒకే ఒక్క అమైనో ఆమ్లం మార్పు కారణమని తేలింది. ఒక తీరమంతటి జీవుల పటం మారడం వెనుక ఇలాంటి అణువంత తేడాల పాత్ర ఉండవచ్చు.

ఇక నీళ్ళ అడుగున తగిలే రెండో వేడి. ఇక్కడ నీడ ముఖం లేదు, ఆటు గంట లేదు, నీళ్ళు మళ్ళీ వచ్చి చల్లబరిచే ఆశ లేదు. అమెరికా తూర్పు తీరంలో నీలి మస్సెల్, మైటిలస్ ఎడ్యులిస్, 1960 ప్రాంతాల్లో నార్త్ కరొలైనాలోని కేప్ హాటరాస్ దాకా ఉండేది. 2010లో సియెరా జోన్స్, డేవిడ్ వెథీ బృందం చూసేసరికి దాని దక్షిణపు హద్దు దాదాపు 350 కిలోమీటర్లు ఉత్తరానికి, డెలవేర్ దాకా వెనక్కి జరిగింది. దక్షిణానికి ప్రవాహాల్లో కొట్టుకొచ్చిన పిల్లలు వసంతంలో రాళ్ళను పట్టుకుంటాయి, వేసవి వేడికి చస్తాయి. ప్రతి ఏటా అదే తంతు. మెయిన్ సింధుశాఖలో 1970ల నాటి కొలతలతో పోల్చితే ఒడ్డు మస్సెల్స్ 60 శాతానికి పైగా తగ్గాయని 2017లో తేలింది. అక్కడ పచ్చపీతలు తినేయడం వంటి వేరే కారణాలు కూడా కలిశాయి కాబట్టి నెపమంతా వేడి మీద వేయడం సరికాదు. అయితే ఆ పీతలకు కూడా వేడెక్కిన నీళ్ళు కలిసివచ్చాయి.

ఐరోపాలో ఈ దెబ్బ సాగుదారుల ఇళ్ళలోకే వచ్చింది. స్పెయిన్‌లో ఎబ్రో డెల్టా బేల్లో నీళ్ళు 28 డిగ్రీలు దాటితే తాళ్ళ మీది మస్సెల్స్ చావడం మొదలవుతుందని సాగుదారులకు అనుభవంతో తెలుసు. వేసవి ముదరకముందే పంట తీసేయడం అక్కడ అలవాటు చేసుకున్నారు. గ్రీసులో థెస్సలొనీకి దగ్గరి థెర్మాయికోస్ సింధుశాఖలో 2024 జులైలో నీటి వేడి రోజుల తరబడి 30 డిగ్రీల పైన నిలిచిపోయింది. తాళ్ళ మీద అమ్మకానికి సిద్ధంగా ఉన్నవాటితో పాటు మరుసటి ఏడాదికని ఉంచిన పిల్ల మస్సెల్స్ కూడా పోయాయి. పంట పోతే ఒక ఏడాది నష్టం, విత్తనం కూడా పోతే రెండేళ్ళ నష్టం. వరి రైతుకైనా మస్సెల్ రైతుకైనా ఆ లెక్క ఒకటే.

నీళ్ళ వేడి నేరుగా చంపకపోయినా రాతితో బంధాన్ని సడలిస్తుంది. వేడెక్కిన నీళ్ళలో మస్సెల్ ఊరించే పీచుదారాలు తగ్గుతాయి, బలమూ తగ్గుతుంది. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై ఆమ్లత పెరిగితే ఆ దారాలు రాతికి అంటుకునే చివరి బిళ్ళ పట్టు సడలుతుందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎమిలీ కారింగ్టన్ బృందం 2013లో చూపించింది. అలాంటి మస్సెల్ తుఫాను అలకు ఊడిపోతుంది. దాని చావు లెక్క ఎండ ఖాతాలో పడదు.

మస్సెల్ గుంపు పోవడమంటే ఒక జాతి పోవడం మాత్రమే కాదు. కాలిఫోర్నియా మస్సెల్ గుంపుల సందుల్లో పురుగులు, పీతలు, నత్తలు, నాచులు కలిపి 300కు పైగా జాతులు ఉంటాయని 1992లో థామస్ సుచానెక్ లెక్క తేల్చారు. దక్షిణ కాలిఫోర్నియాలో అలాంటి గుంపుల్లో జాతుల సంఖ్య 1960, 70ల నాటితో పోల్చితే సగానికి పైగా పడిపోయిందని 2006లో మరో బృందం చూపింది. మస్సెల్స్ పైకి ఉన్నట్టే ఉన్నా సందుల్లోని ఇల్లు ఖాళీ అవుతోంది.

మన సముద్రాల సంగతికి వస్తే, ఇప్పటిదాకా చెప్పినదంతా చల్లటి దేశాల జాతుల మీద తేలినదని గుర్తుంచుకోవాలి. మన తీరాల్లో ఉన్నది పచ్చ మస్సెల్, పెర్నా విరిడిస్. విశాఖ రేవు గోడల మీద, కాకినాడ ఉప్పుటేటి ప్రాంతంలో ఇది ఉంది. కేరళ మలబారు వైపు కల్లుమ్మకాయ పేరుతో ఇది ఇంటింటి వంటకం. ఐరోపా మస్సెల్స్ చచ్చే వేడిలో ఇది హాయిగా పెరుగుతుంది. దానికి పడనిది చలి. అమెరికాలో ఫ్లోరిడా టాంపా బేలో 1999లో కనిపించి విస్తరించిన ఈ జాతిని అక్కడి శీతాకాలాలే కట్టడి చేశాయి. అంతమాత్రాన వేడెక్కితే మనకు మేలే అనుకోవడం పొరపాటు. ఎక్కువ వేడికి అలవాటైన జాతులకు ఆ పైన సర్దుకునే వెసులుబాటు తక్కువ ఉంటుందని జానథన్ స్టిల్‌మన్ పసిఫిక్ తీరపు చిన్న పీతల మీద 2003లో చూపించారు. ఉష్ణమండలపు జీవి ఇప్పటికే తన హద్దుకు దగ్గరగా బతుకుతుంది.

పచ్చ మస్సెల్ ఎంత వేడికి చస్తుందో మనకు బాగా తెలిసింది దాన్ని వదిలించుకోవాలనుకున్నవాళ్ళ వల్ల. చెన్నై దగ్గర కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రాన్ని చల్లబరచడానికి సముద్రం కింది సొరంగం గుండా నీళ్ళు తీసుకొస్తారు. ఆ సొరంగంలో 1980ల్లో వందల టన్నుల జీవులు పేరుకున్నాయి, అందులో సింహభాగం పచ్చ మస్సెల్సే. వాటిని వేడినీళ్ళతో తొలగించవచ్చా అని ఎస్. రాజగోపాల్ బృందం ఏ వేడికి, ఏ పరిమాణపు మస్సెల్ ఎంతసేపట్లో చస్తుందో ప్రయోగాలు చేసి 1990ల్లో ప్రచురించింది. ఏ వేడికి చస్తుందో తెలియజేసే ఆ పని, దాన్ని బతికించాలనుకునేవాళ్ళకూ అంతే విలువైనది.

మన దేశంలో మస్సెల్ సాగు ఎక్కువగా ఉన్నది కేరళలోనే. కాసరగోడ్ జిల్లా పడన్న ప్రాంతపు ఉప్పుటేళ్ళలో 1990ల చివర మొదలై, మహిళా సంఘాల చేతుల్లో పెరిగింది. వానలు వెనక్కి తగ్గాక తీరపు రాళ్ళ మీది నుంచి పిల్ల మస్సెల్స్ తెచ్చి తాళ్ళకు కట్టి, వెదురు పందిళ్ళ నుంచి నీళ్ళలో వేలాడదీస్తారు. ఐదారు నెలల్లో, మళ్ళీ నైరుతి వచ్చి మంచినీళ్ళు దిగకముందే పంట తీసేయాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో లోతు లేని ఏటి నీళ్ళు కాగుతాయి, జూన్‌లో ఉప్పదనం పడిపోతుంది. సాగుకు దొరికే కాలం రెండు వైపుల నుంచీ కుదించుకుపోతోంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్ బృందం లెక్కల్లో, 1950 నుంచి 2020 మధ్య హిందూ మహాసముద్రం 1.2 డిగ్రీలు వేడెక్కింది. ఏడాదికి 20 రోజులు ఉండే సముద్ర వడగాడ్పులు ఈ శతాబ్దం చివరికి 220 నుంచి 250 రోజులకు చేరవచ్చని వాళ్ళ అంచనా. అంటే మన తాళ్ళ మీది మస్సెల్స్‌కు రాబోయేది ఎక్కువగా రెండో రకం వేడే, నీళ్ళ అడుగున నెలల తరబడి అరగదీసేది. అక్కడ మందు ఒకటే, తాళ్ళను లోతుకు దించడం. మోకాటి లోతు, నడుం లోతు ఏటిలో అది కుదరదు. కుదిరే చోటు బయటి సముద్రం, అక్కడ పందిరి వేసే ఖర్చు మహిళా సంఘం ఒక్కటీ భరించలేదు, ప్రభుత్వం పూనుకోవాలి.

రాళ్ళ మీద ఉన్నవాటికి మాత్రం మొదటి రకం వేడే ముప్పు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్రపు పైనీళ్ళ వేడిని, సముద్ర వడగాడ్పులను ఉపగ్రహాల సాయంతో కనిపెడుతూ సమాచారం ఇస్తోంది. తాళ్ళ సాగుకు అది పనికొస్తుంది. రాతి మీది మస్సెల్‌కు చాలదు. ఎందుకంటే ఉపగ్రహానికి రాతి వాలు, ఆటు గంట కనపడవు. విశాఖలో ఆటుపోట్ల ఎత్తు దాదాపు మీటరున్నర, వాంకూవర్‌లో అంతకు మూడింతలు. కాబట్టి మన దగ్గర నీళ్ళు తీసి ఎండకు తేలే పట్టీ ఇరుకు. అయితే రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు వచ్చే తీరంలో ఒక సంగతి ఉంది. పౌర్ణమి, అమావాస్యల పెద్ద ఆటు ఒక ఊళ్ళో ఏ గంటకు వస్తుందో ఏటా దాదాపు అదే గంటకు వస్తుంది. బెస్తవాళ్ళకు అది కంఠస్థం. అంటే ఒక ఊరి రాళ్ళకు ఆ గంట రోహిణి కార్తె ఎండలో పడుతుంటే ప్రతి ఏటా అక్కడే పడుతుంది. పడకపోతే ఆ రాళ్ళు ఎంత వేడి ఏడాదిలోనైనా మస్సెల్స్‌కు ఆశ్రయంగా నిలుస్తాయి.

దీన్ని తేల్చడానికి పెద్ద నౌకలు అక్కర్లేదు. ఎపాక్సీ నింపిన గుల్లలు, లోపల సెన్సర్లు, విశాఖ నుంచి భీమిలి దాకా, అటు కన్నూరు తీరం వెంబడి కొన్ని రాళ్ళ మీద, ఎండ ముఖం మీద కొన్ని, నీడ ముఖం మీద కొన్ని పెట్టి రెండు మూడు వేసవులు నడిపితే చాలు. నాకు ఇందులో ఇంకో ఆశ కూడా ఉంది. సాగుకు పిల్ల మస్సెల్స్ తెచ్చేది ఆ రాళ్ళ మీది నుంచే. ఒక్కసారి తగిలిన వేడే వారాల పాటు ఓర్పునిస్తుందని కాలిఫోర్నియా ప్రయోగం చెప్పింది. మన పచ్చ మస్సెల్ విషయంలో కూడా అదే నిజమైతే, నీళ్ళలోనే చల్లగా పెరిగిన పిల్లల కన్నా, ఆటుకు తేలి ఓ మోస్తరు ఎండ చూసిన వరసలోని పిల్లలు వేసవి ఏటిలో మెరుగ్గా నిలబడవచ్చు. రెండు రకాల పిల్లలనూ పక్కపక్క తాళ్ళకు కట్టి మే దాకా లెక్కపెట్టడం పడన్న మహిళా సంఘాలు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కలిసి ఒకే సీజనులో చేయగల పని.